డిస్కు తిరుగుతోంది, ఫైళ్ళు మాత్రం కనపడటం లేదు: ఎనిమిదేళ్ళ గంగజాతర వీడియోలు అందులోనే ఉన్నాయి

కొర్లగుంట_లెన్స్ (సోమవారం, రాత్రి 10:42)

అందరికీ నమస్కారం. తిరుపతి కొర్లగుంటలో చిన్న ఫొటో స్టూడియో నాది. రెండు రోజులుగా అన్నం సహించడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా దగ్గర 4 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు ఒకటి ఉంది. జేబులో పెట్టుకునే చిన్నది కాదు, బల్ల మీద నిలబెట్టే పెద్ద రకం. దానికి వేరేగా 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. శనివారం మా అక్క కొడుకు కరెంటు పోయి వచ్చాక వైర్లన్నీ తిరిగి పెడుతూ లాప్‌టాప్ అడాప్టర్ పిన్ను దీనికి గుచ్చేశాడు. కాస్త వదులుగానే ఉన్నా పట్టింది. అది 19.5 వోల్టులది. టప్పుమని ఒక శబ్దం, కాలిన వాసన. అప్పటినుంచి లైటు లేదు, చప్పుడు లేదు.

ఆదివారం ఇక్కడే ఒక సర్వీసు షాపుకి తీసుకుపోయాను. పైడబ్బా విప్పి లోపలి డిస్కు తీసి వాళ్ళ డెస్క్‌టాప్‌కి తగిలించారు. తగిలించాక ఆ సిస్టమే ఆన్ కాలేదు. డిస్కు తీసేస్తే మామూలుగా ఆన్ అవుతుంది. "షార్ట్ అయిపోయింది సార్, దీని మీద ఆశ పెట్టుకోవద్దు" అని చేతిలో పెట్టేశారు.

పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లకి వేరే కాపీలున్నాయి. లేనివి తాతయ్యగుంట గంగజాతరవి. ఎనిమిదేళ్ళ జాతరలు, వారం రోజులూ తిరిగి తీసినవి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి, సున్నపుకుండలు అన్నీ. మా పక్క వీధిలో ఏటా ఒళ్ళంతా బొగ్గు పూసుకుని తోటి వేషం కట్టే పెద్దాయన పోయిన సంక్రాంతి ముందు కాలం చేశారు. సంవత్సరీకం నాటికి ఆ వీడియోలు కావాలని వాళ్ళబ్బాయి అడిగాడు. ఇస్తానని మాట ఇచ్చేశాను.

దారేమైనా ఉంటే చెప్పండి.

సోల్డరు_చిత్తూరు (సోమవారం, రాత్రి 11:20)

అన్నా, ముందు ఒక్క మాట. దానికి మళ్ళీ కరెంటు ఇయ్యబాకండి. ఎవరి సిస్టమ్‌కీ తగిలించబాకండి.

డిస్కు తగిలిస్తే సిస్టమ్ ఆన్ కాలేదన్నారు, అంటే దానికి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఆన్ కాలేదు చూడండి, నాకు అదే మంచి వార్త. హార్డ్ డిస్కు కింద ఉండే పచ్చబోర్డు మీద, కరెంటు పిన్నుల పక్కన, టీవీఎస్ డయోడ్‌లని రెండుంటాయి. ఒకటి 5 వోల్టుల లైనుది, ఇంకొకటి 12 వోల్టులది. ఎక్కువ వోల్టేజీ వస్తే అవి తాము షార్ట్ అయిపోయి మిగతా బోర్డును కాపాడతాయి. షార్ట్ ఉన్న లైను చూసి ఎస్‌ఎంపీఎస్ తనను తాను ఆపేసుకుంటుంది. మీ కేసులో 12 వోల్టుల డయోడ్ తన పని తాను చేసినట్టుంది.

మల్టీమీటర్ బజరు మోడ్‌లో పెట్టి ఆ రెండు డయోడ్‌లూ చూడండి. దాని రెండు వైర్ల మొనలూ అటూఇటూ మార్చి పెట్టినా రెండువైపులా కూత వస్తే అది షార్ట్. బోర్డు ఫొటో దగ్గరగా తీసి పెట్టండి. విప్పిన పైడబ్బా, దాంట్లో ఉన్న చిన్న యూఎస్‌బీ బోర్డు ఎక్కడున్నాయి? షాపులోనే వదిలేసి వచ్చి ఉంటే రేపు పొద్దున్నే పోయి తెచ్చుకోండి.

మదనపల్లె_మణి (సోమవారం, రాత్రి 11:48)

డబ్బాలోంచి తీసిన డిస్కులకి 3.3 వోల్టుల సమస్య ఉంటుంది కదా. డిస్కుని నేరుగా కంప్యూటర్‌కి తగిలించే సాటా సాకెట్ ఉంది చూడండి, దాని పవర్ కనెక్టర్‌లో మూడో పిన్ను మీద టేపు అతికిస్తే తిరుగుతుంది. నాది అట్లానే బాగైంది.

సోల్డరు_చిత్తూరు (మంగళవారం, ఉదయం 6:55)

మణీ, నువ్వు చెప్పేది నిజంగా ఉండే సమస్యే. కొత్త డిస్కుల్లో ఆ మూడో పిన్ను పవర్ ఆపే సంకేతానికి వాడతారు, పాత ఎస్‌ఎంపీఎస్ అక్కడ 3.3 వోల్టులు పంపితే డిస్కు నిద్ర లేవదు. అయితే అప్పుడు సిస్టమ్ మామూలుగా ఆన్ అవుతుంది, డిస్కు ఒక్కటే మౌనంగా ఉంటుంది. ఇక్కడ సిస్టమే లేవడం లేదు. రోగం వేరు.

కొర్లగుంట_లెన్స్ (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

అన్నా, షాపుకి పోయి డబ్బా, చిన్న బోర్డు తెచ్చుకున్నాను. చెత్తబుట్టలో వేసేశారు, అడిగితే వెతికి ఇచ్చారు. మీరు చెప్పకపోతే అది పోయేదే.

మల్టీమీటర్ పెట్టాను. ఒక డయోడ్ ఒకవైపే చూపిస్తోంది. రెండోది ఎటు పెట్టినా కుయ్యిమంటోంది. చిన్న యూఎస్‌బీ బోర్డు మీద ఒక ఐసీ మధ్యలో గుండుసూది మొనంత గుంట పడి, చుట్టూ గోధుమరంగు మరక ఉంది. ఫొటోలు పెట్టాను. రేపు చిత్తూరు రమ్మంటారా?

సోల్డరు_చిత్తూరు (మంగళవారం, మధ్యాహ్నం 1:32)

రండి. డిస్కుని టవల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని రండి, బస్సులో పైన పెట్టబాకండి. ఆ చిన్న బోర్డు కూడా తెండి.

కొర్లగుంట_లెన్స్ (బుధవారం, రాత్రి 9:05)

జరిగింది చెప్తాను. ఈ అన్న దగ్గరికి పదకొండుకు చేరాను. భూతద్దం కింద పెట్టి, హాట్ ఎయిర్‌తో ఆ డయోడ్‌ని పట్టకారుతో పైకి లేపేశాడు. నువ్వు గింజకంటే కాస్త పెద్దది, అంతే. మళ్ళీ మల్టీమీటర్ పెడితే కూత లేదు. తన పాత ఎస్‌ఎంపీఎస్‌కి తగిలించి స్విచ్ వేశాడు. డిస్కు సన్నగా ఊళ వేసి తిరగడం మొదలుపెట్టింది. నేను గోడకి ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాను.

అయితే విండోస్‌లో "డిస్కును ఇనీషియలైజ్ చేయాలి" అని వచ్చింది. సైజు 4 టీబీ సరిగ్గా చూపిస్తోంది గానీ ఫైళ్ళు ఉండే భాగం, అదే పార్టిషన్, లేదు, ఫైలు లేదు, అంతా ఖాళీ. అన్న వెంటనే క్యాన్సిల్ నొక్కాడు. షాపులో అయితే సిస్టమే ఆన్ కాలేదు కాబట్టి అక్కడ ఎవరూ ఏమీ నొక్కి ఉండరు.

సోల్డరు_చిత్తూరు (బుధవారం, రాత్రి 9:40)

మిగతాది నేను చెప్తాను. డిస్కు ఆరోగ్యం బంగారంలా ఉంది. డిస్కు తన ఆరోగ్యం తానే నమోదు చేసుకునే స్మార్ట్ రిపోర్టులో 05 సున్నా, సీ5 సున్నా. అంటే పాడై మార్చేసిన సెక్టార్లు (డిస్కు మీద డేటా రాసే చిన్న గళ్ళు) లేవు, చదవలేక పెండింగ్‌లో పెట్టినవీ లేవు. డిస్కు మీది అంకెలు ఉన్నవి ఉన్నట్టు చూపించే హెక్స్ ఎడిటర్‌లో మొదటి సెక్టారు తెరిచి చూశాను, చదవడానికి మాత్రమే. మామూలు డిస్కైతే ఆ సెక్టారు చివర 55 ఏఏ అని ఉండాలి. లేదు. మొదట్లో, మధ్యలో, చివర్లో ఎక్కడ చూసినా అర్థం లేని అంకెల గుంపులే. ఇరవై చోట్ల చూశాను, ఒక్క సున్నాల వరస కనపడలేదు. వాడని జాగా ఎక్కడో ఒకచోట సున్నాలుగా ఉండాలి గదా.

నాకు ఒక అనుమానం ఉంది. విశ్వవిద్యాలయం మేడం చూస్తే బాగుండు.

మదనపల్లె_మణి (బుధవారం, రాత్రి 9:58)

ఇనీషియలైజ్ నొక్కితే డేటా పోదు, పార్టిషన్ టేబుల్ మాత్రమే కొత్తగా రాస్తుంది. తర్వాత క్విక్ ఫార్మాట్ కొట్టి రికవరీ సాఫ్ట్‌వేర్ వేస్తే అన్నీ వచ్చేస్తాయి. నేను చాలాసార్లు చేశాను.

ఎస్వీయూ_సంకేతం (బుధవారం, రాత్రి 10:10)

మణి గారూ, దయచేసి ఆ సలహా ఇక్కడ ఇవ్వకండి. మామూలు డిస్కులో మీరన్నట్టు ఎన్నోసార్లు నడిచిపోతుంది. ఈ డిస్కులో ఆ ఒక్క నొక్కుతో తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు. ఎందుకో వివరంగా రాస్తాను.

లెన్స్ గారూ, మీ డిస్కు ఖాళీ కాలేదు. ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, అంటే కీ లేకుండా చదవలేని రూపంలోకి గుప్తీకరించి ఉంది.

కొర్లగుంట_లెన్స్ (బుధవారం, రాత్రి 10:14)

మేడం, నేను పాస్‌వర్డ్ ఎప్పుడూ పెట్టలేదు. కొన్నరోజునుంచి తగిలించగానే తెరుచుకునేది. దాంతో వచ్చిన సాఫ్ట్‌వేర్ కూడా వేసుకోలేదు.

ఎస్వీయూ_సంకేతం (బుధవారం, రాత్రి 10:51)

పెట్టకపోయినా సరే. దీంట్లో అందరూ పొరబడేది ఇక్కడే, అందుకే నిదానంగా చెప్తాను.

బల్ల మీద పెట్టే డిస్కుల్లోనూ జేబు డిస్కుల్లోనూ కొన్ని రకాల్లో, యూఎస్‌బీని సాటాగా మార్చే ఆ చిన్న బోర్డు మీది చిప్పే గుప్తీకరణ కూడా చేస్తుంది. దాన్ని బ్రిడ్జి చిప్పు అంటారు. కంప్యూటర్ నుంచి వచ్చే ప్రతి సెక్టారునీ ఏఈఎస్ అనే గుప్తీకరణ పద్ధతిలో మార్చి డిస్కు మీద రాస్తుంది, చదివేటప్పుడు తిరిగి మామూలుగా మార్చి ఇస్తుంది. కంపెనీలో తయారైన మొదటిరోజునుంచీ ఇదే పని. మీరు పాస్‌వర్డ్ పెట్టారా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు.

పాస్‌వర్డ్ లేకపోతే ఏమవుతుందంటే, ఇంటికి తాళం వేసి చెవి ఆ తాళానికే తగిలించి ఉంచినట్టు. రోజూ తలుపు తీస్తున్నారు కాబట్టి తాళం ఉందన్న సంగతే మీకు తెలియదు. ఇప్పుడు ఆ షాపువాళ్ళు గోడ పగలగొట్టి బీరువా బయటికి తెచ్చారు. బీరువా ఉంది, తాళం తీసే చెయ్యి కాలిపోయింది. సోల్డరు గారికి ఎక్కడ చూసినా సున్నాలు కనపడకపోవడం అందుకే. సున్నాలను కూడా ఆ చిప్పు మార్చే రాస్తుంది.

ఇక ఇనీషియలైజ్ సంగతి. విండోస్ 4 టీబీ డిస్కుకి జీపీటీ అనే రకం పార్టిషన్ టేబుల్ రాస్తుంది. అది మొదటి 34 సెక్టార్లలోనూ, నకలుగా చివరి 33 సెక్టార్లలోనూ రాస్తుంది. ఈ రకం డ్రైవ్‌లలో చాలావాటికి తాళంచెవిని, అంటే గుప్తీకరణ కీని, డిస్కు చివరి భాగంలోనే దాస్తారు. బ్రిడ్జి బోర్డు ద్వారా చూసినప్పుడు ఆ భాగం మనకి కనపడదు, డిస్కు సైజు కాస్త తక్కువగా చూపించి దాన్ని కప్పేస్తుంది. డిస్కుని విడిగా సాటాకి తగిలిస్తే ఆ దాపరికం పోయి, విండోస్ దాని మీదే రాసేయగలదు. కీ ఉన్న సెక్టారు చెరిగితే రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదీ, ఎంత డబ్బు పోసినా, తెరవలేదు.

అందుకే సోల్డరు గారు క్యాన్సిల్ నొక్కిన ఆ క్షణానికి నేను ఎంతో సంతోషిస్తున్నాను.

మదనపల్లె_మణి (బుధవారం, రాత్రి 11:02)

చివరి సెక్టార్ల విషయం నాకు తెలియదు మేడం. నా పోస్టు మీద గీత కొట్టించాను, ఎవరూ చదివి చెయ్యకుండా.

పుత్తూరు_బీటెక్ (గురువారం, ఉదయం 7:20)

మేడం, పాస్‌వర్డ్ అడగనప్పుడు అసలు గుప్తీకరించడం ఎందుకు? కంపెనీకి ఏం లాభం?

ఎస్వీయూ_సంకేతం (గురువారం, ఉదయం 8:05)

మంచి ప్రశ్న. డేటాని మార్చే కీ ఒకటి, ఆ కీని కప్పి ఉంచే కీ ఇంకొకటి. రెండోదే పాస్‌వర్డ్ నుంచి పుడుతుంది. రేపు నువ్వు పాస్‌వర్డ్ పెట్టాలనుకుంటే 4 టీబీ మొత్తాన్ని మళ్ళీ రాయనక్కర్లేదు, మొదటి కీ మీది పొట్లాం మారిస్తే చాలు. అర సెకను పని. డిస్కు అమ్మేసేటప్పుడు మొత్తం చెరపాలన్నా మొదటి కీని మారిస్తే సరి, పాత డేటా అంతా ఆ క్షణమే అర్థంలేనిదైపోతుంది. తిరిగే పళ్ళెం లేని ఎస్‌ఎస్‌డీ డిస్కులలో ఓపల్ అనే ప్రమాణం నడిచేదీ ఇదే సూత్రం మీద.

దీంట్లో లోపాలు లేకపోలేదు. 2015లో గున్నార్ అలెండల్, క్రిస్టియన్ కిసన్, ఇంకొక పరిశోధకుడు కలిసి ఇట్లాంటి డ్రైవ్‌ల బ్రిడ్జి చిప్పులను విప్పి పరిశీలించి, కొన్నిట్లో కీ తయారయ్యే తీరే బలహీనంగా ఉందని చూపించారు. ఎస్‌ఎస్‌డీల సంగతి 2018 నవంబరులో బయటపడింది. నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్లో మైయర్, బెర్నార్డ్ వాన్ ఖాస్టెల్ పేరున్న కంపెనీల ఎస్‌ఎస్‌డీలు తీసుకుని చూస్తే, కొన్నిట్లో పాస్‌వర్డ్‌కీ డేటా కీకీ మధ్య అసలు ముడే లేదు. పాస్‌వర్డ్ తెలియకుండానే తెరవగలిగారు. అప్పటిదాకా విండోస్‌తో వచ్చే గుప్తీకరణ సాఫ్ట్‌వేర్ బిట్‌లాకర్, ఎస్‌ఎస్‌డీకి సొంత గుప్తీకరణ ఉందంటే దాన్నే నమ్మి తాను పక్కకి తప్పుకునేది. 2019 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి మార్చి, కొత్తగా గుప్తీకరించే డ్రైవ్‌లకి సాఫ్ట్‌వేర్ గుప్తీకరణే వాడేట్టు చేసింది.

దొంగ చేతిలో అంత సులువుగా తెరుచుకున్న తాళాలు కొన్ని, నిజాయితీగల సొంతదారు చేతిలో మాత్రం బోర్డు కాలిన రోజున తెరుచుకోవు. నాకు మనసు కష్టపెట్టేది ఇదే. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "ఈ బోర్డు లేకుండా డిస్కు చదవలేరు" అని ఒక్క వాక్యం రాసి ఉంటే, ఎవరూ దాన్ని చెత్తబుట్టలో వేయరు.

రేణిగుంట_రాత్రిషిఫ్టు (గురువారం, ఉదయం 9:30)

ఇదే దారంలో అడుగుతున్నందుకు క్షమించండి. నిన్న లాప్‌టాప్‌లో బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్ చేశాను. తర్వాత నీలం తెర మీద 48 అంకెల కీ అడుగుతోంది. నేనూ ఎప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదు. విండోస్ నేనే కొత్తగా ఎక్కించుకున్నాను.

నిర్వాహకుడు (గురువారం, ఉదయం 9:41)

దీనికి వేరే దారం తెరుస్తాను. జవాబు మాత్రం ఆలస్యం కాకూడదు కాబట్టి ఇక్కడే ఒకసారి చెప్పండి.

ఎస్వీయూ_సంకేతం (గురువారం, ఉదయం 10:15)

విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి కొత్తగా ఎక్కించుకునే చాలా కంప్యూటర్లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే గుప్తీకరణ తనంతట తానే ఆన్ అవుతుంది. బయాస్ మారితే ఆ కీని దాచే టీపీఎం చిప్పుకి అనుమానం వచ్చి కీ ఇవ్వదు, అప్పుడు ఈ నీలం తెర వస్తుంది. ఫోన్‌లో అదే మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, డివైజుల పేజీలో రికవరీ కీలు చూడండి. తెర మీద కనపడే కీ ఐడీ మొదటి 8 అక్షరాలు ఏ కీతో సరిపోతాయో ఆ 48 అంకెలు కొట్టండి. ఈసారి బయాస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి మొదలుపెట్టండి. ఇంట్లో పిల్లల మెయిల్ ఐడీతో లాగిన్ అయి ఉంటే కీ వాళ్ళ ఖాతాలో ఉంటుంది, అక్కడా చూడండి.

రేణిగుంట_రాత్రిషిఫ్టు (గురువారం, ఉదయం 10:52)

మా చెల్లెలి ఖాతాలో ఉంది మేడం! తెరుచుకుంది. కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టేశాను.

మదనపల్లె_మణి (గురువారం, ఉదయం 11:30)

లెన్స్ అన్నా, ఈసారి అడిగే చెప్తున్నాను. డ్రైవ్ లేబుల్ మీద పీఎస్‌ఐడీ అని 32 అక్షరాలుంటే దాంతో తాళం తీయొచ్చని చదివాను. మేడం, ఇది సరేనా?

ఎస్వీయూ_సంకేతం (గురువారం, ఉదయం 11:44)

అడిగి మంచిపని చేశారు. పీఎస్‌ఐడీతో తాళం తీయరు, తాళం మార్చేస్తారు. ఓపల్ డ్రైవ్‌కి పాస్‌వర్డ్ మరిచిపోయినప్పుడు, డేటా పోయినా పర్వాలేదు డ్రైవ్ మళ్ళీ వాడుకుంటే చాలు అనుకున్నప్పుడు వాడేది. అది కొట్టగానే లోపలి కీ కొత్తదవుతుంది, పాత డేటా ఇక లేనట్టే. లెన్స్ గారి డ్రైవ్‌లో గుప్తీకరణ చేసింది బయటి బ్రిడ్జి బోర్డు కాబట్టి దీని ప్రసక్తే రాదు.

సోల్డరు_చిత్తూరు (గురువారం, మధ్యాహ్నం 2:10)

మేడం చెప్పాక నా అనుమానం తీరింది. ఇప్పుడు చేయాల్సిన పని ఇది.

కీ డిస్కు మీదే ఉంటే, కాలిన బోర్డు స్థానంలో అదే రకం బోర్డు పెడితే తెరుచుకోవాలి. పాస్‌వర్డ్ లేదు కాబట్టి కొత్త బోర్డు అడిగేదేమీ ఉండదు. కీ బోర్డు మీది చిన్న మెమరీ చిప్పులో ఉండే రకమైతే ఆ 8 కాళ్ళ చిప్పుని పాత బోర్డు నుంచి కొత్తదానికి మార్చాలి, అది నేను చేస్తాను. కాలింది 12 వోల్టుల రెగ్యులేటర్ ఐసీ, మెమరీ చిప్పు చూడ్డానికి బాగానే ఉంది.

బోర్డు కొనేటప్పుడు డబ్బా మీది పేరు చూసి మోసపోబాకండి. అదే పేరుతో, అదే రంగుతో రెండు మూడు రకాల చిప్పులతో అమ్ముతారు. నేను పంపిన ఫొటోలో పెద్ద చిప్పు మీది నంబరు, బోర్డు అంచున తెల్లగా ముద్రించిన నంబరు, రెండూ అక్షరం పొల్లు పోకుండా కలవాలి. మన తిరుపతిలో దొరకడం కష్టం. చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌కి పోండి.

ఈలోగా నేను డిస్కు మొత్తానికి నకలు తీసి పెడతాను. మీరు ఒక 4 టీబీ మామూలు డిస్కు కొనివ్వండి. సైజు ఒక్క సెక్టారు కూడా తక్కువ ఉండకూడదు, చివర్లో కీ ఉందన్నారు కదా. లైనక్సులో డీడీరెస్క్యూతో తీస్తాను. అర్థంలేని అంకెలైనా సరే, మక్కీకి మక్కీ నకలు ఉంటే ధైర్యంగా ప్రయత్నించవచ్చు. డయోడ్ తీసేసిన బోర్డుకి ఇప్పుడు కాపలా లేదని మరిచిపోబాకండి.

కొర్లగుంట_లెన్స్ (శనివారం, రాత్రి 11:15)

పొద్దున గరుడాద్రి ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి, అక్కడినుంచి ఆటోలో రిచీ స్ట్రీట్ పోయాను. బ్రహ్మోత్సవాల రద్దీ, రైల్లో నిలబడటానికే జాగా లేదు.

మొదటి నాలుగు షాపుల్లో "అది లేదు సార్, కొత్తది తీసుకోండి" అన్నారు. ఐదోది మెట్ల కింద సందులాంటి షాపు. ఒక పెద్దాయన పాత హార్డ్ డిస్కుల ఖాళీ డబ్బాలు గోనెసంచిలో పోసి పెట్టుకున్నాడు. నాకొచ్చిన అరవంలో విషయం చెప్పి ఫోన్‌లో ఫొటో చూపించాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఫొటో పెద్దది చేసి, సంచి నేల మీద బోర్లించాడు. మాది మాదిరివి నాలుగు దొరికాయి. మొదటిది విప్పితే చిప్పు వేరే కంపెనీది. రెండోది చిప్పు సరిపోయింది, అంచున నంబరులో చివరి అక్షరం తేడా. మూడోదానికి రెండూ కలిశాయి. నేను మూడుసార్లు చదివాను, ఆయన చేత కూడా చదివించాను. సోల్డరన్న మాట గుర్తుండబట్టి గానీ, లేకపోతే మొదటిదే పట్టుకుని వచ్చేవాణ్ణి.

బోర్డుతోపాటు 12 వోల్టుల అడాప్టర్ కూడా ఇచ్చాడు. ఎందుకడుగుతున్నానో విని డబ్బులు బోర్డుకే తీసుకున్నాడు. రేపు పొద్దున్నే చిత్తూరు వస్తాను అన్నా.

సోల్డరు_చిత్తూరు (ఆదివారం, ఉదయం 6:30)

నకలు అయిపోయింది. శుక్రవారం రాత్రి 9కి మొదలుపెడితే తెల్లారి 5 దాటింది. ఒక్క చదవలేని సెక్టారు లేదు. రండి.

పుత్తూరు_బీటెక్ (ఆదివారం, మధ్యాహ్నం 12:40)

ఏమైంది? పొద్దుటినుంచి పేజీ తిప్పుతూనే ఉన్నాను.

కొర్లగుంట_లెన్స్ (ఆదివారం, మధ్యాహ్నం 3:22)

వచ్చాయి. అన్నీ వచ్చాయి.

అన్న ముందు నకలు డిస్కుకే ఆ బోర్డు తగిలించాడు, అసలుదాన్ని ముట్టుకోలేదు. అడాప్టర్ పెట్టే ముందు దాని పిన్ను దగ్గర మల్టీమీటర్ పెట్టి 12.1 అని నాకు చూపించి మరీ పెట్టాడు. యూఎస్‌బీ గుచ్చాక పదిసెకన్లు ఏమీ లేదు. తర్వాత టింగుమంది. ఈసారి ఇనీషియలైజ్ కిటికీ రాలేదు. డ్రైవ్ అక్షరం వచ్చింది, నేను పెట్టుకున్న పేరే వచ్చింది. తెరిస్తే జాతరవి ఎనిమిది ఫోల్డర్లు.

తోటి వేషం ఫైలు నొక్కాను. బొగ్గు పూసుకుని, కళ్ళు రెండూ తెల్లగా మెరుస్తూ, ఆ పెద్దాయన కెమెరా వైపు వచ్చి ఆగాడు. వెనకాల పలకల మోత. నేనూ సోల్డరన్నా ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

మేడం, అన్నా, మణీ, అందరికీ చేతులెత్తి దండం.

ఎస్వీయూ_సంకేతం (ఆదివారం, సాయంత్రం 4:05)

నాకు కూడా కళ్ళు చెమర్చాయి. కీ డిస్కు మీద ఉండటం మన అదృష్టం.

ఇప్పుడు ఒక పని చేయండి. ఆ బోర్డు ద్వారానే ఫైళ్ళన్నీ గుప్తీకరణ లేని వేరే డిస్కుకి కాపీ చేసుకోండి. డిస్కుని విప్పి నేరుగా సాటాకి తగిలించినా చదవగలిగేదై ఉండాలి. జాతర వీడియోలు ఊరందరివీ, వాటికి తాళం అక్కర్లేదు. పెళ్ళివాళ్ళ ఫొటోలకి గోప్యత కావాలంటే బిట్‌లాకర్ లేదా వెరాక్రిప్ట్ లాంటి సాఫ్ట్‌వేర్ పద్ధతి వాడండి. అప్పుడు కీ మీ చేతిలో ఉంటుంది, ఏ బోర్డు కాలినా ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది. కొన్న డిస్కు ఏ రకమో తెలుసుకోవాలంటే, కొత్తగా ఉన్నప్పుడే రెండు మామూలు ఫైళ్ళు వేసి, డబ్బాలోంచి తీసి నేరుగా సాటాకి తగిలిస్తే కనపడుతున్నాయో లేదో చూడండి. కొన్ని జేబు డిస్కుల్లో యూఎస్‌బీ సాకెట్ నేరుగా డిస్కు బోర్డుకే అతికి ఉంటుంది, విడిగా సాటా పిన్నులే ఉండవు. అట్లాంటివి దాచుకునే వీడియోలకి వద్దు.

సోల్డరు_చిత్తూరు (ఆదివారం, సాయంత్రం 4:30)

మీ అక్క కొడుకుని తిట్టబాకండి అన్నా. పిన్ను పట్టిందంటే పిల్లోడికేం తెలుస్తుంది. ప్రతి అడాప్టర్ వైరుకీ పిన్ను దగ్గర తెల్లటేపు చుట్టి, 12 అని, 19 అని పెన్నుతో రాయించండి. వాడి చేతనే రాయించండి.

కొర్లగుంట_లెన్స్ (బుధవారం, రాత్రి 8:50)

రాసేశాడన్నా, స్టూడియోలో ఉన్న పదకొండు వైర్లకీ. కాపీ రెండు డిస్కుల్లోకి అయింది, ఒకటి మా అమ్మ వాళ్ళింట్లో పెట్టాను. తోటి వేషం వీడియోలు ఎనిమిదేళ్ళవీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి వాళ్ళబ్బాయికి ఇచ్చొచ్చాను. ఇంట్లో ఆడవాళ్ళందర్నీ పిలిచి టీవీలో పెట్టించుకున్నారు.

పీలేరు_టీచరు (గురువారం, ఉదయం 7:10)

ఈ దారం మొత్తం రాత్రి కూర్చుని చదివాను. నా దగ్గర ఇదే పరిస్థితిలో ఒక 3 టీబీ డిస్కు రెండేళ్ళుగా అటక మీద ఉంది. మా బడి పిల్లల నాటకాల వీడియోలు. పిడుగుపాటుకి పోయింది. అప్పుడు డబ్బాలోంచి తీసి చూస్తే ఖాళీగా కనపడింది, డేటా పోయిందనుకుని ఊరుకున్నాను. ఇనీషియలైజ్ నొక్కలేదు. ఇప్పుడు దించి చూస్తే చిన్న బోర్డు మీద చిప్పు నంబరు, అంచున నంబరు మీరు ఫొటోలో పెట్టినవే. నేను ఏం చెయ్యాలి?

కొర్లగుంట_లెన్స్ (గురువారం, ఉదయం 7:18)

సార్, ఆ బోర్డు, 12 వోల్టుల అడాప్టర్ నా దగ్గరే ఉన్నాయి, నా పని అయిపోయింది. ఆదివారం రండి, బస్టాండులో నేనే వచ్చి తీసుకుపోతాను. ఇద్దరం కలిసి చిత్తూరు పోదాం. డిస్కు టవల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని రండి.